డ్యూ టు: ఒక ఋణపదం చరిత్ర

ఆంగ్లంలో ‘డ్యూ టు’ అనే జంటపదం ఒకటుంది. మన బడుల్లో దానికి ‘వల్ల’ అని అర్థం చెబుతారు. ‘బికాజ్ ఆఫ్’కు కూడా ‘వల్ల’ అనే చెబుతారు. ‘ఓయింగ్ టు’ ఎదురైతే దానికీ అదే అర్థం చెప్పి పాఠం ముందుకు నడిపిస్తారు. ఒకే అర్థానికి మూడు మాటలెందుకన్న ప్రశ్నకు జవాబు నాకు తరగతి గదిలో దొరకలేదు. చాలాకాలం తరువాత ఆంగ్ల వ్యాకరణ చరిత్ర తిరగేస్తూ ఉంటే తెలిసింది, ఈ బుల్లిమాట గురించి ఆంగ్లభాషా పండితులు ఇరవయ్యో శతాబ్ది పొడుగునా కలహించుకున్నారని. ఇంకాస్త లోతుకు వెళితే, వ్యాకరణం దాటి చావుల లెక్కల్లోనూ, న్యాయస్థానాల్లోనూ కూడా ఇటువంటి మాటలే మనుషుల బ్రతుకుల్ని తేల్చాయని తెలిసింది.

ఈ మాటలు వాక్యంలో చేసే పని చాలా సామాన్యంగా కనిపిస్తుంది. ఒకపక్క జరిగిన సంగతి ఉంటుంది, ఇంకోపక్క దానికి హేతువు ఉంటుంది, నడుమ ఈ మాట వంతెనలా నిలబడుతుంది. ఆంగ్లంలో హేతువు ఈ మాట తరువాత వస్తుంది. తెలుగులో ‘వల్ల’కు ముందు వస్తుంది. ఎటు వచ్చినా ఆ స్థానంలో ఏ పేరు వ్రాస్తామన్నదే అసలు సంగతి. ఈ వ్యాసం ఆ ఖాళీస్థానం గురించి.

అప్పూ, దావా

ముందుగా వ్యుత్పత్తి. ‘డ్యూ’ అన్నది ఆంగ్లానికి ఫ్రెంచి నుంచి వచ్చింది, ఫ్రెంచికి లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో ‘డెబేరే’ అంటే బాకీపడడం. ఆ క్రియను విడదీస్తే ‘ఒకరి దగ్గరనుంచి తీసుకొని ఉంచుకోవడం’ అన్న అర్థం వస్తుంది. మన బ్యాంకు పుస్తకాల్లోని ‘డెబిట్’, అప్పు అనే అర్థమున్న ‘డెట్’, విధి అనే అర్థమున్న ‘డ్యూటీ’ ఇవన్నీ ఆ తల్లి పిల్లలే. ‘డెట్’ అనే మాటలో పలకని ‘బి’ అక్షరం ఒకటి ఉంటుంది. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అది లేదు. లాటిన్ మూలాన్ని గుర్తుచేయాలని పండితులు దాన్ని తరువాత చొప్పించారు. బడిపిల్లలు నేటికీ ఆ అక్షరానికి వడ్డీ కడుతున్నారు.

‘ఓయింగ్ టు’ కథ ఇంకా విచిత్రం. ‘ఓ’ అనే క్రియకు మూలమైన ప్రాచీనాంగ్ల ధాతువుకు అర్థం ‘కలిగి ఉండడం’. సొంతం అనే అర్థమిచ్చే ‘ఓన్’ దాని తోబుట్టువు. చేయవలసి ఉండడాన్ని సూచించే ‘ఆట్’ దాని భూతకాల రూపం. కలిగి ఉండడం అన్న భావం ‘ఇతరులది నా దగ్గర ఉండడం’గా మారి, అక్కడినుంచి బాకీపడడంగా స్థిరపడింది. అంటే ‘డ్యూ టు’, ‘ఓయింగ్ టు’ అనే రెండు మాటలూ అప్పుల చిట్టాలోనుంచి వచ్చినవే. ఫలం తన ఉనికికి హేతువుకు ఋణపడి ఉందని వీటి లోపలి భావన. పంట వానకు బాకీ. నీరసం జ్వరానికి బాకీ.

‘డ్యూ’ మొదట్లో డబ్బుకూ గౌరవానికీ మాత్రమే వర్తించేది. ఫలానావారికి చెల్లవలసిన పైకం, ఫలానావారికి దక్కవలసిన మర్యాద అన్నట్లుగా. హేతువు చెప్పే అర్థంలో దాని ప్రయోగం పదిహేడో శతాబ్దిలో కనిపిస్తుంది. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన నిఘంటువులో ఈ అర్థాన్ని చేర్చి, రసాయనశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బాయిల్ ప్రయోగాన్ని ఉదాహరించాడు. ప్రయోగం సాధువేగాని వాడుకలో అంతగా లేదన్నది ఆయన అభిప్రాయం. ప్రకృతిలో ఏది దేనికి ఋణపడిందో తేల్చుకోవాలన్న అవసరం శాస్త్రజ్ఞులకు కలిగిన కాలంలో ఈ మాటకు ఆ కొత్త పని దొరకడం గమనించదగ్గది.

ఇక ‘బికాజ్’. ఇది ‘బై’, ‘కాజ్’ అనే రెండు మాటల అతుకు. ఫ్రెంచి పలుకుబడిని అనుసరించి పద్నాలుగో శతాబ్దిలో ఏర్పడింది. అందులోని ‘కాజ్’కు మూలం లాటిన్ ‘కౌసా’. ఆ మాటకు హేతువు అనే కాక, న్యాయస్థానంలో నడిచే వ్యాజ్యం అన్న అర్థం కూడా ఉంది. మన ఉన్నత న్యాయస్థానాల్లో ఏ రోజు ఏ కేసులు వస్తాయో తెలిపే పట్టికను ‘కాజ్ లిస్టు’ అనడం ఆ పాత అర్థం మిగిల్చిన గుర్తు. మొత్తంమీద ఆంగ్లంవారి హేతువాచకాలు కొన్ని అప్పుల పద్దులో పుట్టాయి, కొన్ని దావాల్లో పుట్టాయి. రెండుచోట్లా అడిగే ప్రశ్న ఒక్కటే: బాధ్యత ఎవరిది?

విశేషణమా? విభక్తా?

ఇప్పుడు కలహం దగ్గరకు వద్దాం. ‘డ్యూ’ పుట్టుకచేత విశేషణం. విశేషణం ఒక నామవాచకాన్ని ఆనుకొని ఉండాలి. కాబట్టి ‘అతని గైర్హాజరు జ్వరానికి డ్యూ’ అనడం ఒప్పు. అక్కడ ‘గైర్హాజరు’ అనే నామవాచకం ఉంది, బాకీపడినది అదే. కాని ‘జ్వరానికి డ్యూ, అతడు రాలేదు’ అంటే తప్పు. బాకీపడినది ఎవరు? అతడా? అతడు జ్వరానికేమీ బాకీ లేడు. వాక్యంలో ఆ విశేషణానికి ఆధారం దొరకడం లేదు. పాత వ్యాకర్తల వాదం ఇది.

తమాషా ఏమిటంటే ‘ఓయింగ్ టు’ కూడా పుట్టుకచేత ఇటువంటిదే. అయితే అది ఎవరి కంటా పడకుండా పందొమ్మిదో శతాబ్దిలోనే విశేషణ వర్గం నుంచి విభక్తి వర్గంలోకి దాటిపోయింది. దాన్ని ఎవరూ ఆపలేదు. వెనక వచ్చిన చెల్లెలిని మాత్రం గుమ్మంలోనే పట్టుకున్నారు. అమెరికాలో విలియం స్ట్రంక్ తన విద్యార్థులకోసం 1918లో అచ్చువేసుకున్న చిన్న పుస్తకంలో ఈ ప్రయోగాన్ని తప్పుల జాబితాలో చేర్చాడు. ఇంగ్లండులో హెచ్. డబ్ల్యు. ఫౌలర్ 1926లో వెలువరించిన ప్రయోగ నిఘంటువులో దీన్ని నిరక్షరాస్యుల అలవాటుగా ఈసడించాడు. ఆ పుస్తకం రెండు తరాల సంపాదకులకు ధర్మశాస్త్రం వంటిది.

అటువంటి ‘నిరక్షరాస్య’ ప్రయోగం 1957 అక్టోబరులో ఎవరి నోట వినబడిందో చూడండి. ఆ నెల 14వ తేదీన ఎలిజబెత్ రాణి ఒట్టావాలో కెనడా పార్లమెంటును ప్రారంభిస్తూ, తమ ధాన్యాన్ని అమ్ముకోలేకపోవడం వల్ల పచ్చికమైదానాల రైతులు చేతిలో డబ్బాడక ఇబ్బంది పడుతున్నారన్న భావం వచ్చే వాక్యం చదివింది. ఆ వాక్యం ‘డ్యూ టు’తోనే మొదలైంది. ప్రసంగం వ్రాసింది ప్రభుత్వమే అయినా, రాణిగారి ఆంగ్లమంటే ప్రమాణమని చెప్పుకునేవారికి అది మింగుడుపడని సంగతే. చివరకు ఫౌలర్ పుస్తకాన్నే తిరగవ్రాసిన రాబర్ట్ బర్చ్‌ఫీల్డ్ 1996 కూర్పులో, ఇరవయ్యొకటో శతాబ్దిలో ఈ ప్రయోగం సహజభాషలో భాగమైపోయేటట్లే ఉందనీ, జనం మరచిపోయిన పోరాటాల్లో ఇదొకటి అవుతుందనీ తేల్చాడు. అలాగే జరిగింది.

మనకు ఇటువంటి చరిత్ర కొత్త కాదు. ఫౌలర్ తన పుస్తకం వ్రాసుకుంటున్న దశాబ్దాల్లోనే ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారి పక్షానికీ, జయంతి రామయ్య పంతులుగారి పక్షానికీ వాదం నడుస్తోంది. ‘వలన’ అని వ్రాయాలా, ‘వల్ల’ అని వ్రాయవచ్చా అన్నది కూడా ఆ పెద్ద తగవులో ఒక పిల్లతగవే. జనం నోట నాటుకున్న మాటను నిషేధాలు ఆపలేవని రెండు దేశాల్లోనూ ఋజువైంది. ఈ విషయంలో నేను జనం పక్షమే. అయినా ఫౌలర్ నియమంలో ఒక మంచి ఉందనిపిస్తుంది. ‘డ్యూ టు’ విశేషణంగా ఉన్నంతకాలం వ్రాసేవాడు తనను తాను ఒక ప్రశ్న వేసుకోక తప్పదు: ఏది దేనికి బాకీ? చిట్టాలో రెండు పేర్లూ ఉండాలి. విభక్తిగా మారాక ఆ నిర్బంధం సడలింది. హేతువును వాక్యం ముందు వ్రేలాడగట్టి, మిగిలినది వదులుగా తగిలించవచ్చు.

మన ‘వల్ల’

తెలుగు విద్యార్థికి ఈ నియమం ఎందుకు తలకెక్కదో ఇప్పుడు తెలుస్తుంది. మన ‘వల్ల’ ఎప్పుడూ క్రియ వైపే మొగ్గుతుంది. ‘జ్వరం వల్ల రాలేదు’ అంటాం. నామవాచకానికి ముందు చేర్చాలంటే ‘జ్వరం వల్ల వచ్చిన నీరసం’, ‘వాన వల్ల కలిగిన నష్టం’ అని నడుమ ఒక క్రియాజన్య విశేషణాన్ని పెట్టక తప్పదు. ఆంగ్లపు ‘డ్యూ టు’ నామవాచకంతో బయలుదేరి క్రియవైపు వచ్చింది. మన ‘వల్ల’ క్రియ దగ్గరే కాపురం పెట్టింది. అందువల్ల ఫౌలర్ తప్పన్న వాక్యమే మన చెవికి అతి సహజంగా వినబడుతుంది.

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం మొదలు మనం బడిలో వల్లెవేసిన విభక్తుల పట్టిక గుర్తుచేసుకోండి. చేతన్, చేన్, తోడన్, తోన్ తృతీయ. వలనన్, కంటెన్, పట్టి పంచమి. ‘చేత’లో చేయి కనబడుతూనే ఉంది. ‘వలను’ అంటే దిక్కు, పక్క. ‘పట్టి’లో పట్టుకోవడం ఉంది. ‘నువ్వు చెప్పబట్టి నమ్మాను’ అన్నప్పుడు నేటికీ దాన్నే వాడుతున్నాం. ‘మూలాన’లో చెట్టువేరు ఉంది. ఆంగ్లం హేతువును బాకీల పుస్తకంలో వెదికితే, తెలుగు దాన్ని చేతిలోనూ, పక్కనా, వేళ్ళలోనూ వెదికింది.

వీటికి తోడు హేతువు పట్ల మనసులోని భావాన్ని చెప్పే పలుకుబళ్ళు మనకు బోలెడు. ‘మీ దయవల్ల’ అన్నప్పుడు కృతజ్ఞత. ‘భయం కొద్దీ’, ‘ఆశ కొద్దీ’, ‘అదృష్టం కొద్దీ’ అన్నప్పుడు హేతువుకు ఒక కొలత కూడా తగులుతుంది. ‘నీ మూలాన’ అంటే చాలాసార్లు నింద. ‘మీ ధర్మమా అని అబ్బాయికి ఉద్యోగం దొరికింది’ అంటే నమస్కారం. ‘వాడి పుణ్యమా అని కోర్టుల చుట్టూ తిరుగుతున్నాం’ అంటే శాపనార్థం. ఆంగ్లంలో ‘థాంక్స్ టు’ కూడా ఇలాగే రెండు మొగాలు పెడుతుంది. వీటన్నిటి మధ్యా రంగూ రుచీ లేనిది ‘కారణంగా’. పత్రికలకూ, ప్రకటనలకూ, కార్యాలయాలకూ నచ్చినది అదే. మెచ్చుకోలు లేదు, నిష్ఠూరం లేదు.

కాని ‘కారణం’ రంగులేని మాటగా పుట్టలేదు. మన తార్కికులు ఆ మాటను పట్టుకొని వందలయేళ్ళు తర్కించారు. కుండకు మన్ను ఒక విధమైన కారణం. కుమ్మరీ, చక్రమూ, కర్రా వేరొక విధమైన కారణాలు. మరి మన్ను మోసుకొచ్చిన గాడిద మాటేమిటి? కుండకు ముందు అదీ అక్కడే ఉంది కదా! కుమ్మరి తండ్రి లేకపోతే కుమ్మరే లేడు కదా! ఇటువంటివాటికి వారు ‘అన్యథాసిద్ధాలు’ అని పేరుపెట్టి పక్కన నిలబెట్టారు. గాడిద లేకపోతే బండిమీద వస్తుంది మన్ను. ముందున్నదల్లా కారణం కాదు. అది ఉంటే ఇది ఉండడం అన్వయం, అది లేకపోతే ఇది లేకపోవడం వ్యతిరేకం. ఈ రెండు గీటురాళ్ళమీదా గీసి చూడాలన్నారు. ‘కారణంగా’ అని మనం సులువుగా వ్రాసేసే ప్రతిసారీ ఈ పరీక్ష చేయవలసి ఉంటుంది. చేయకపోతే ఏమవుతుందో, చేస్తే ఏమవుతుందో చెప్పడానికి రెండు చారిత్రక సందర్భాలు ఎంచుకున్నాను. మొదటిది మన నేలమీదది, రెండవది అమెరికాది.

ధాత కరువు చావుల పద్దు

మన పెద్దలు కరువులను సంవత్సరం పేరుతో పిలిచేవారు. 1832లో మొదలై గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టినది నందన కరువు. 1876లో మొదలై 1878 దాకా దక్షిణాదిని కాల్చినది ధాత కరువు. ఆ పేర్లలో కాలం ఉంది. కారణం లేదు.

1876లో వానలు పోయాయి. పసిఫిక్ సముద్రం వేడెక్కి ఋతుపవనాలను దెబ్బతీసే ఎల్ నినో 1877-78లో చాలా తీవ్రంగా వచ్చిందని నేటి శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మద్రాసు రాజధానిలోని దత్తమండలాలు, అంటే బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. అనంతపురం అప్పటికింకా బళ్ళారి జిల్లాలో భాగమే. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ పక్షాన ఖర్చు అదుపుచేయడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులకు వచ్చే మగవాడి కూలిని రోజుకొక పౌను ధాన్యానికీ, దానిపైన కొద్దిపాటి చిల్లరకూ తగ్గించాడు. పౌను అంటే మన లెక్కలో అరకిలో కంటె తక్కువ. రోజంతా రాళ్ళు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు పారిశుద్ధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తరువాత కూలి పెంచారు. ఆలోగా పోవలసినవారు పోయారు.

ఆ పోయినవారు దేనివల్ల పోయారు? ఇక్కడ వస్తుంది మన చిన్నమాట. ఆ కాలపు బ్రిటిషిండియా చావుల లెక్కల్లో కారణాలకు ముందుగానే అచ్చువేసిన గళ్ళు ఉండేవి. కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, గాయాలు, చివర ‘ఇతర కారణాలు’. పల్లెలో గ్రామోద్యోగి చెప్పిన చావు వీటిలో ఏదో ఒక గడిలో పడవలసిందే. ఆకలికి ప్రత్యేకమైన గడి లేదు. నెలల తరబడి తిండిలేక ఎముకలగూడైన మనిషికి చివరి రోజుల్లో విరేచనాలు పట్టుకుంటే అతడు విరేచనాల వల్ల పోయినట్లు లెక్క. నీళ్ళింకిన చెరువులో మురికినీళ్ళు త్రాగి వాంతులైతే కలరా వల్ల పోయినట్లు లెక్క. లెక్క అబద్ధం కాదు. వారికి నిజంగానే కలరా వచ్చింది. కాని తార్కికులు చెప్పిన వ్యతిరేక పరీక్ష పెట్టి చూడండి. ఒంట్లో బలం ఉంటే వారిలో ఎంతమంది తట్టుకునేవారు? పని చూపి, చాలినంత కూలి ఇచ్చి ఉంటే ఎంతమంది ఊళ్ళు వదలి దారుల వెంట పడేవారు కారు?

ఆకలికి గడి లేకపోవడం చిన్న లోపంగా కనిపించవచ్చు. కలరా వల్ల పోయినవాడి బాకీ కలరాది. ఆకలి వల్ల పోయినవాడి బాకీ ఎవరో ఒక మనిషిది, లేదా కార్యాలయానిది. గడి లేకపోతే బాకీదారు లేడు.

కరువుకు కారణం వాన లేకపోవడమేనా అన్న ప్రశ్న 1880లో నివేదిక ఇచ్చిన కరువు సంఘం కూడా కొంత తడిమింది. వ్యవసాయపు పనులు పోవడం, చేతిలో కూలి లేకపోవడం, ధరలు అందకుండా పోవడం అందులో గుర్తించిన సంగతులు. అంగడిలో గింజలున్నా కొనే శక్తి లేనివాడు చస్తాడన్న విషయాన్ని సిద్ధాంతంగా నిలబెట్టినవాడు అమర్త్య సేన్. బెంగాలులో 1943 నాటి కరువును విచారించిన సంఘం తిండిగింజల కొరతకే పెద్దపీట వేసింది. సేన్ 1981 నాటి పుస్తకంలో ఆ అంకెలను తిరగవేసి, ఆ యేడు గింజలు ఆ కరువుకు సరిపడేంతగా తగ్గలేదనీ, కూలివారూ జాలరులూ వంటివారికి తిండి కొనుక్కునే దారులు మూసుకుపోవడమే ప్రధానమనీ వాదించాడు. ఆ వాదానికి ఎదురువాదాలు కూడా వచ్చాయి. వాదం మొత్తం ‘వల్ల’కు ముందు ఏ మాట ఉండాలన్నదే. ‘కొరత వల్ల’ అంటే తప్పు ఆకాశానిది. ‘కొనలేకపోవడం వల్ల’ అంటే తప్పు భూమ్మీద వెదకాలి.

న్యాయస్థానంలో ‘బికాజ్ ఆఫ్’

రెండవ సందర్భంలో ఆ మాట స్వయంగా బోనెక్కింది. అమెరికా 1964లో చేసిన పౌరహక్కుల చట్టం ఏడవ అధ్యాయం ప్రకారం, ఒక వ్యక్తి జాతి, వర్ణం, మతం, లింగం, పుట్టుకదేశం వంటివాటి ‘వల్ల’ ఉద్యోగంలో వివక్ష చూపరాదు. ఆ ‘వల్ల’కు చట్టంలో వాడినది ‘బికాజ్ ఆఫ్’. వయసు విషయంలో 1967లో చేసిన చట్టంలోనూ అదే మాట. చట్టం చేసినవారు ఆ మాటకు నిర్వచనం ఇవ్వవలసి వస్తుందని ఊహించి ఉండరు.

2009లో గ్రాస్ అనే ఉద్యోగి వ్యాజ్యం సర్వోన్నత న్యాయస్థానానికి వచ్చింది. యాభై దాటిన తన బాధ్యతలను తగ్గించి చిన్నవారికి అప్పగించారని ఆయన ఫిర్యాదు. వయసు కూడా ఒక ప్రేరణ అని చూపితే చాలునా, లేక వయసే లేకపోతే ఈ పని జరిగేది కాదని నిరూపించాలా అన్నది ప్రశ్న. ‘బికాజ్ ఆఫ్’ అంటే రెండవదేనని అయిదుగురు న్యాయమూర్తులు తేల్చారు, నలుగురు విభేదించారు. మన తార్కికుల వ్యతిరేకం ఆ న్యాయస్థానంలో చట్టమైందన్నమాట. దానితో ఉద్యోగి నెత్తిమీద నిరూపణభారం పెరిగింది. ఒక విభక్తికి చెప్పిన అర్థం బలహీనుడికి ఎదురు తిరిగింది.

పదకొండేళ్ళు గడిచాయి. 2020 జూన్ 15న అదే న్యాయస్థానం బాస్టాక్ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. జార్జియా రాష్ట్రంలో ఒక కౌంటీలో పిల్లల సంక్షేమానికి పనిచేసే బాస్టాక్, స్వలింగప్రియుల సాఫ్ట్‌బాల్ జట్టులో చేరాక 2013లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆయనతోపాటు ఇంకో ఇద్దరి వ్యాజ్యాలు కలిపి విన్నారు. ఒకరు ఆకాశంనుంచి గొడుగుతో దూకడం నేర్పే జార్డా. ఇంకొకరు అంత్యక్రియల సంస్థలో పనిచేసే స్టీవెన్స్, తాను స్త్రీగా జీవించబోతున్నానని చెప్పాక తొలగింపుకు గురైన వ్యక్తి. వీరిని తీసేసినది లింగం ‘వల్ల’నేనా? 1964లో చట్టం చేసినవారి మనసులో ఇది లేదని ఒక పక్షం. వారి మనసులో ఏముందో కాదు, వ్రాసిన మాటకు అర్థమేమిటో చూడాలని ఇంకో పక్షం.

తీర్పు వ్రాసిన న్యాయమూర్తి గోర్సచ్ గ్రాస్ వ్యాజ్యంలోని అర్థాన్నే తీసుకున్నాడు. అది లేకపోతే ఇది జరిగేదా? పురుషుణ్ణి ప్రేమించే ఉద్యోగి స్త్రీ అయితే తీసేసేవారు కాదు, పురుషుడు కాబట్టి తీసేశారు. అంటే లింగం లేకుండా ఆ నిర్ణయం లేదు. ఒక సంగతికి ఇటువంటి కారణాలు అనేకం ఉండవచ్చుననీ, వాటిలో లింగం ఒకటైనా చట్టం వర్తిస్తుందనీ అన్నాడు. ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఇంకోవైపు. 2009లో ఉద్యోగికి అడ్డుగోడ అయిన అర్థమే 2020లో ద్వారమైంది. మాట మారలేదు, అర్థమూ మారలేదు. దాన్ని చివరంటా అనుసరించడానికి సిద్ధపడడం మారింది.

ఆ తీర్పు వినడానికి ముగ్గురిలో ఒక్కరే మిగిలారు. జార్డా 2014లో చనిపోయాడు. స్టీవెన్స్ తీర్పుకు నెల ముందు కన్నుమూసింది. ఒక మాటకు సరైన అర్థం తేలడానికి అంతకాలం పట్టింది.

అనివార్య కారణాల వల్ల

మనకు బాగా అలవాటైన వాక్యం ఒకటుంది: ‘అనివార్య కారణాల వల్ల వాయిదా వేయడమైనది’. ఆంగ్లపు ప్రకటనల వాక్యానికి నీడ ఇది. ‘వల్ల’ ఉంది, దానికి ముందు ఉండవలసిన పేరు లేదు. ‘కారణాల వల్ల’ అంటే కారణాలకు కారణాలే కారణమని చెప్పినట్లు. పైగా ‘అనివార్య’ అనే విశేషణం చేర్చి, అడగడానికి ముందే తలుపు వేసేశారు. చివర ‘వేయడమైనది’ అనడంతో వేసినవారు కూడా మాయమయ్యారు. ఒక పెళ్ళి విందో, కవిసమ్మేళనమో వాయిదాపడితే ఈ వాక్యం నిరపాయకరమే. జీతాలు ఆగినప్పుడూ, పరీక్షలు రద్దయినప్పుడూ, వంతెన కూలినప్పుడూ ఇదే వాక్యం వస్తే అది ధాత కరువు నాటి ‘ఇతర కారణాలు’ అనే గడికి నేటి రూపం.

‘డ్యూ టు’ను వాక్యం మొదట పెట్టవచ్చునా, కూడదా అన్న తగవు ముగిసింది. పెట్టవచ్చు. ఫౌలర్‌ను తలచుకొని ఎవరూ కలం ఆపనక్కరలేదు. ఆ మాట పొట్టలోని పాత అర్థాన్ని మాత్రం మరువకుండా ఉంటే మంచిది. అది బాకీ చిట్టా. అందులో ఇచ్చినవాడి పేరూ, పుచ్చుకున్నవాడి పేరూ ఉండాలి. తెలుగులో వ్రాసేటప్పుడు నేను ఈమధ్య పాటిస్తున్న పద్ధతి చెబుతాను. ‘కారణంగా’ అని వ్రాశాక ఒకసారి ఆగి, దాని స్థానంలో ‘చేత’ పెట్టి చూస్తాను. ‘చేత’ కుదిరితే అక్కడ ఒక చేయి ఉన్నట్లు. ఆ చేయి ఎవరిదో వ్రాయాలి. కుదరకపోతే ‘వల్ల’ ఉండనే ఉంది.

మిత్రులకొక మనవి. హేతువు చెప్పడానికి మీ మీ ప్రాంతాల్లో, మీ ఇళ్ళలో పెద్దల నోట వినిపించే పలుకుబళ్ళు ఇంకా ఎన్నో ఉండి ఉంటాయి. ‘పుణ్యమా అని’, ‘కొద్దీ’ వంటివి. నిఘంటువుల కెక్కనివి మరీ విలువైనవి. అవి ఏ సందర్భంలో మెచ్చుకోలుగానూ, ఏ సందర్భంలో నిందగానూ వస్తాయో ఒక్కొక్క వాక్యంతో సహా తెలిపితే, అన్నిటినీ ఒకచోట చేర్చి జాబితా తయారుచేస్తాను.